ఇంట్లో అయిదుగురికి తుపాకులు ఎంచుకునేటప్పుడు: ఎప్పుడూ పట్టుకోని చేతి నుంచి మొదలుపెట్టండి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, నా జవాబంతా దాని చుట్టూనే ఉంటుంది కాబట్టి. ఇంట్లో అయిదుగురు. నాన్నగారికి 68 ఏళ్ళు. వయసులో ఉండగా రైఫిల్ బాగా కాల్చినవారు, ఇప్పుడు వేళ్ళకి కీళ్ళనొప్పులు, దగ్గరి చూపు మసక. మీకు ఓ మోస్తరు అనుభవం. మీ ఆవిడ, మీ చెల్లెలు తుపాకి ఎప్పుడూ ముట్టుకోలేదు. అబ్బాయికి 14. అందరూ కలిసి రేంజ్‌కి, అంటే గురి సాధన చేసే చోటికి, వెళ్ళి నేర్చుకోవాలని, అవసరం పడితే ఇంటి రక్షణకీ పనికిరావాలని మీ ఆలోచన. డబ్బు అంతంతమాత్రం. అందుకని మనిషికొకటి చొప్పున అయిదు రాసుకున్నారు: ఆవిడకి చేతిలో ఇమిడిపోయే చిన్న రివాల్వర్, చెల్లెలికి పాకెట్ పిస్టల్, అబ్బాయికి పాయింట్ 22 (అంగుళంలో నూటికి 22 వంతుల గొట్టం) ఆటోమేటిక్, నాన్నగారికి 12 గేజ్ షాట్‌గన్ (గేజ్ అంటే గొట్టం లావు, అంకె పెరిగితే గొట్టం సన్నం), మీకు పెద్ద రైఫిల్. వీటిలో చవకగా, నమ్మకంగా ఉండే బ్రాండ్లు చెప్పమన్నారు.

కొత్తవాళ్ళకి కాల్చడం నేర్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఏమీ అనుకోకండి: అయిదు వద్దు. మొదటి ఏడాది ఒకటి చాలు. తర్వాత రెండోది. బాగా అవసరమనిపిస్తే మూడోది. ఆ మొదటిది కూడా మీకు నచ్చింది కాదు, మీ ఇంట్లో అందరికన్నా అనుభవం లేని మనిషికి కుదిరేది అయి ఉండాలి. అనుభవం ఉన్నవాళ్ళు దేనితోనైనా సర్దుకుంటారు. కొత్త చేతికి ఆ వెసులుబాటు లేదు.

ముందు ఆ చిన్న రివాల్వర్ సంగతి తేలుద్దాం. "ఆడవాళ్ళకి చిన్న తుపాకి" అనే మాట ఎక్కడ పుట్టిందో కానీ చాలా మందిని తుపాకికే దూరం చేసింది. కొన్నేళ్ళ కిందట ఒక దంపతులు నా దగ్గరికి వచ్చారు. ఆయన ఆవిడ కోసం ముచ్చటపడి కొన్న రివాల్వర్ బరువు 425 గ్రాములు, గొట్టం రెండంగుళాలు, తూటా పాయింట్ 38 స్పెషల్. ఆవిడ మొదటి గుండు కాల్చారు. రెండోదానికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుపోయాయి. అయిదు అయ్యేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందిపోయి ఎర్రగా ఉంది. రివాల్వర్ బల్ల మీద పెట్టి చెయ్యి చీర కొంగులో దాచుకున్నారు. నేను నా పెట్టెలోంచి పాత స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 తీశాను. అదీ 38 స్పెషలే, అదే డబ్బాలో తూటాలే. కాకపోతే నాలుగంగుళాల గొట్టం, ఉక్కు శరీరం, కిలోకి అటూఇటూ బరువు. బతిమాలి ఒక్కటి కాల్పించాను. తర్వాత నేను ఆపమనేదాకా ఆవిడే ముప్పై కాల్చారు.

మాయేం లేదు. గుండు ముందుకి ఎంత ఊపుతో పోతుందో తుపాకి వెనక్కి అంత ఊపుతో వస్తుంది. తుపాకి బరువు రెట్టింపైతే వెనక్కొచ్చే వేగం సగమవుతుంది, చేతికి తగిలే శక్తీ సగమవుతుంది. ఒకే తూటాకి 425 గ్రాముల తుపాకి, కిలో తుపాకి కన్నా రెండింతలకు పైగా గట్టిగా తన్నుతుంది. పైగా చిన్న రివాల్వర్‌కి గొట్టం పొట్టి, గొట్టం కొసన ఉండే గురిమొనకీ, దాన్ని చూసే వెనక గాడికీ దూరం తక్కువ, కాబట్టి గురి కుదరడమూ కష్టమే. రోజూ ఒంటి మీద పెట్టుకుని తిరగాల్సినవాళ్ళ కోసం చేసిన తుపాకి అది, ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళకే లొంగుతుంది. జేబు పిస్టళ్ళదీ ఇదే కథ. కాబట్టి మీ జాబితాలో మొదటి రెండూ కొట్టేయండి.

ఇక కొనాల్సింది. పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా వాడే ఒక రైఫిల్. ఈ తూటా 1887 నుంచీ ఉంది. గుండు బరువు రెండున్నర గ్రాములు. భుజానికి తన్ను దాదాపు తెలియదు, చప్పుడు తక్కువ, ఒక్క 9 ఎంఎం పిస్టల్ రౌండ్‌కి (తూటాకి) అయ్యే ఖర్చుతో దీనివి ఒకటి కన్నా ఎక్కువే కాల్చవచ్చు. ఖర్చు తక్కువని మాత్రమే చెప్పడం లేదు. కొత్తవాళ్ళని పాడుచేసేది ఒకే ఒక్కటి, ఉలికిపాటు. పేలుతుందని ముందే భయపడి ట్రిగ్గర్ లాగే క్షణంలో చెయ్యి బిగిసి గొట్టం కిందకి ఊగుతుంది. ఒకసారి ఒంట్లోకి వెళ్తే నెలల తరబడి వదలదు. నేను చేసే పరీక్ష ఒకటుంది: మ్యాగజీన్‌లో (తూటాలు నింపే డబ్బీ) నిజం తూటాల మధ్య పేలని డమ్మీ తూటా ఒకటి, ఎక్కడ ఉందో వాళ్ళకి తెలియకుండా పెడతాను. దాని వంతు వచ్చినప్పుడు 'టిక్' మంటుంది, పేలదు. ఆ క్షణంలో గొట్టం కదలకుండా ఉందా, రెండంగుళాలు కిందకి పడిందా అన్నది పక్కనున్న వాళ్ళందరికీ కనబడుతుంది. పెద్ద తుపాకితో మొదలుపెట్టినవాళ్ళలో చాలా మందికి గొట్టం పడుతుంది. 22తో వెయ్యి రౌండ్లు కాల్చి పైకి వచ్చినవాళ్ళకి అరుదు. మీరు కూడా ఈ పరీక్ష చేయించుకోండి. అనుభవం ఉందనుకునేవాళ్ళకే ఎక్కువ అవసరం.

అయితే చప్పుడు తక్కువంటే చెవులకి ఏమీ పెట్టుకోనక్కర్లేదని కాదు. చెవికి అప్పటికప్పుడు హాని చేసే హద్దు 140 డెసిబెల్స్ అంటారు. 9 ఎంఎం పిస్టల్ 160కి దగ్గరగా వెళ్తుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. అయిదుగురికీ చెవి మఫ్‌లు, కళ్ళద్దాలు తుపాకి కన్నా ముందే కొనండి. అలాగే 22 బొమ్మ తుపాకి కాదు. దాని గుండు కిలోమీటరున్నర దాటి వెళ్ళగలదు, ప్రాణం తీయగలదు.

22లో ఏది? నా మనసు బోల్ట్ యాక్షన్ వైపే. ఒక్కో తూటాకి ఒకసారి బోల్ట్ (గొట్టాన్ని వెనక నుంచి మూసే ఇనప కడ్డీ) లాగి, తోసి, కాల్చాలి. కొత్త మనిషికి ఆ నెమ్మదే రక్ష. ప్రతి గుండుకీ ఒక ఊపిరి, ఒక ఆలోచన ఉంటుంది. పైగా బోల్ట్ వెనక్కి లాగి ఉంటే రైఫిల్ పేలదని పది అడుగుల దూరం నుంచి కూడా కనబడుతుంది. చెక్ దేశపు సీజడ్ 457, అమెరికా సావేజ్ వాళ్ళ 22 బోల్ట్ రైఫిళ్ళు రెండూ తరం తర్వాత తరం వాడేవే. అబ్బాయి ఆటోమేటిక్ కావాలంటున్నాడని రాశారు. నిజానికి అది సెమీ ఆటోమేటిక్, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటే పేలుతుంది. ఆ రకంలో 1964 నుంచి వస్తున్న రూగర్ 10/22కి వంక పెట్టలేను. బరువు రెండు కిలోల పైచిలుకు, పది తూటాల గుండ్రటి మ్యాగజీన్, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ గుండు పేలగానే ఇంకోటి తనంతట తనే చాంబర్‌లోకి (తూటా పేలే అర) ఎక్కి కూర్చుంటుంది. "అమ్మా, తగిలింది చూశావా" అంటూ పిల్లవాడు రైఫిల్‌తో సహా వెనక్కి తిరిగే క్షణాన్ని ఊహించుకోండి. నేను అలాంటి క్షణంలో గొట్టాన్ని చేత్తో పట్టి కిందకి వంచినవాణ్ణి. తిరగడం పిల్లల తప్పు కాదు, సంతోషం వస్తే అలాగే తిరుగుతారు. అందుకే మొదటి ఏడాది బోల్ట్.

గొట్టం కింద పొడుగాటి ట్యూబ్‌లో తూటాలు నింపే రైఫిళ్ళు పాతవి చవకగా దొరుకుతాయి. వాటిలో మార్లిన్ మోడల్ 60 మంచి రైఫిలే. అయినా కొత్తవాళ్ళున్న ఇంటికి నేను సిఫారసు చెయ్యను. ట్యూబ్ ఖాళీ చేశామనుకున్నాక కూడా ఒక తూటా లోపల ఇరుక్కుని ఉండిపోవచ్చు. ఊడదీసి చేతిలో పెట్టుకునే మ్యాగజీన్ అయితే ఖాళీయో కాదో కళ్ళతో తెలుస్తుంది.

ఆ మాట వచ్చింది కాబట్టి, మీ ఇంట్లో అయిదుగురూ మొట్టమొదట నేర్చుకోవాల్సింది ఇది. మ్యాగజీన్ తీసేస్తే తుపాకి ఖాళీ అయినట్టు కాదు. చాంబర్‌లో ఒకటి ఉంటుంది. ముందు మ్యాగజీన్ తియ్యాలి, తర్వాత బోల్ట్ గానీ స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే ఇనప తొడుగు) గానీ వెనక్కి లాగి పట్టుకుని చాంబర్‌లోకి చూడాలి, చూశాక చిటికెనవేలు పెట్టి తడమాలి. వరస తారుమారైతే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజీన్ తీస్తే, మొదటి తూటా బయటపడుతుంది, మ్యాగజీన్‌లోంచి రెండోది చాంబర్‌లోకి ఎక్కుతుంది. చూసేవాళ్ళకి ఒక తూటా బయటికి పడడం కనిపించింది కాబట్టి ఖాళీ అయిందనే నమ్మకం. ఎన్నో ప్రమాదాలకి ఇదే మూలం. చేతులు మారిన ప్రతిసారీ, ఎదుటివాళ్ళు చూశామన్నా సరే, మళ్ళీ చూడాలి. నాన్నగారు ఇచ్చినా మీరు చూడాలి. ఇందులో పెద్దరికం, మొహమాటం ఉండకూడదు.

ఇప్పుడు కొలతలు. షాపులో అందరూ తూటా సైజు గురించి అడుగుతారు, స్టాక్ (రైఫిల్‌ని భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు గురించి అడగరు. ట్రిగ్గర్ నుంచి బట్ (భుజానికి తగిలే కొస) చివరిదాకా ఉన్న దూరం పెద్దవాళ్ళ రైఫిళ్ళలో మామూలుగా 35 సెంటీమీటర్లు. అయిదడుగుల మనిషికి అది ఎక్కువ. పొడవెక్కువైతే మనిషి నడుము వెనక్కి వంచి, తల ముందుకి చాచి, చేతులు బారజాపి పట్టుకుంటారు. రెండు నిమిషాల్లో చేతులు వణుకుతాయి, తన్ను భుజం గుంటలో కాకుండా చేతి కండ మీద పడుతుంది. చూసేవాళ్ళు "నీకు బలం లేదు" అంటారు. బలం కాదు, కొలత. ఖాళీ అని చూసుకున్న రైఫిల్ బట్‌ని మోచేతి మడతలో ఆనించి, ముంజేయి నిటారుగా పెడితే, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకి తేలిగ్గా రావాలి. రాకపోతే స్టాక్ పొడవు. దీనికి పరిష్కారం ఇంకో రైఫిల్ కాదు. బట్ దగ్గర పలకలు తీసి పెట్టుకునే స్టాక్ ఉన్నది కొనండి, లేదా అదే రైఫిల్‌కి విడిగా పొట్టి స్టాక్ తీసుకోండి. పొట్టి స్టాక్‌తో పొడుగు మనిషి కాల్చగలడు, పొడుగు స్టాక్‌తో పొట్టి మనిషి కాల్చలేడు. కాబట్టి ఇంట్లో అందరికన్నా పొట్టివాళ్ళ కొలతకి కొనండి.

కన్ను సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. రెండు చేతులూ చాచి అరచేతుల మధ్య చిన్న సందు చేసి, ఆ సందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని రెండు కళ్ళతో చూడమనండి. ఒక్కో కన్ను మూస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉందో అది ఆ మనిషి బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్ళు మీరనుకునేదానికన్నా ఎక్కువ. వాళ్ళకి రైఫిల్ ఎడమ భుజాన పెట్టి మొదలుపెట్టడమే తేలిక. ఈ ఒక్క సంగతి తెలియక "నాకు గురి కుదరదు" అని మానేసినవాళ్ళున్నారు.

నాన్నగారి విషయంలో నాకు మీ ప్రశ్న చదువుతుంటే కాస్త బాధ కలిగింది. అనుభవం ఉంది కాబట్టి పెద్ద షాట్‌గన్ ఇస్తే గౌరవంగా ఉంటుందని మీరనుకున్నట్టున్నారు. ఆ వయసులో చేతికి వచ్చిన ఇబ్బందీ, కంటికి వచ్చిన ఇబ్బందీ వేరు వేరు. కంటిది తేలిగ్గా తీరుతుంది. చత్వారం వచ్చినవాళ్ళకి ముందు గురిమొన అలుక్కుపోయినట్టు కనబడుతుంది. గాడి, మొన, గుర్తు మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడవు. రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపించే గురి పరికరం) పెడితే గుర్తుని మాత్రమే చూస్తే చాలు, ఎర్ర చుక్క దాని మీదే కనబడుతుంది. పదేళ్ళుగా కాల్చడం మానేసిన ఒక పెద్దాయనకి 22 మీద రెడ్ డాట్ బిగించి ఇచ్చాను. మొదటి అయిదు గుండ్లూ పాతిక మీటర్లలో ఒక చేతి గాజు వెడల్పులో పడ్డాయి. ఆయన టార్గెట్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు. రెడ్ డాట్‌కి పెట్టే డబ్బు కొత్తవాళ్ళకీ అంతే ఉపయోగం, వృథా కాదు.

వేళ్ళ నొప్పి రెండో తుపాకి ఎంపికని శాసిస్తుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అయితే స్లైడ్ లాగాలి. రివాల్వర్ అయితే స్లైడ్ ఉండదు కానీ, డబుల్ యాక్షన్‌లో (తూటాని కొట్టే సుత్తిని కూడా ట్రిగ్గరే లాగే పద్ధతి) ట్రిగ్గర్‌ని అయిదు కిలోల బరువు మోసినంతగా లాగాలి. సుత్తి ముందే వెనక్కి లాగిపెడితే ట్రిగ్గర్ తేలికే, మరీ తేలిక, కంగారులో ఉన్న చేతికి అది ప్రమాదం. స్లైడ్ విషయంలో చాలా మంది తప్పు చేసేది, పిస్టల్‌ని కదలకుండా పట్టుకుని స్లైడ్‌ని వేళ్ళ కొసలతో గుంజడం. అలా కాదు. పిస్టల్‌ని ఛాతీకి దగ్గరగా తెచ్చుకుని, గొట్టం క్షేమమైన వైపే ఉంచి, స్లైడ్‌ని పై నుంచి అరచేయంతా పెట్టి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పిస్టల్‌ని ముందుకి తొయ్యాలి. వేళ్ళ బలం కాదు, భుజాల బలం పనిచేస్తుంది. అయినా కష్టమైతే స్మిత్ అండ్ వెసన్ ఈజెడ్ లాంటి, మెత్తటి స్ప్రింగ్ ఉన్న పిస్టళ్ళు ఇందుకోసమే చేశారు. నాన్నగారినీ, మీ ఆవిడనీ, చెల్లెలినీ తీసుకెళ్ళి, ముగ్గురి చేతా షాపులోనే స్లైడ్ లాగించి చూడండి. ముగ్గురూ లాగగలిగిందే కొనండి. మీకు ఏది నచ్చిందన్నది నాలుగో మాట.

పిస్టల్ కొనే రోజు వస్తే, 9 ఎంఎం తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి. 1902 నాటి తూటా, ప్రపంచంలో ఏ మూలైనా దొరుకుతుంది, తన్ను ఓర్చుకోగలిగింది. సైజులో మధ్యరకం లేదా పెద్దది, పూర్తి పట్టు దొరికేది. గ్లాక్ 19, స్మిత్ అండ్ వెసన్ ఎంపీ, సీజడ్ 75 వంశంలోవి, ఏదైనా మిమ్మల్ని మోసం చెయ్యదు. పోలీసు శాఖలు వాడి మార్చేసిన పిస్టళ్ళు దొరికే చోట అవి మంచి బేరం. ఒరలో రాసుకుని పైన రంగు పోయి ఉంటుంది కానీ లోపల పెద్దగా అరగవు. ఒక్క హెచ్చరిక. గ్లాక్‌ని శుభ్రం చెయ్యడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. చాంబర్ చూడడం మర్చిపోయి నొక్కి, అరచేతిలోంచి గుండు పోయినవాళ్ళున్నారు. ఎంపీలో ట్రిగ్గర్ నొక్కకుండా విప్పే మీట ఉంది. కొత్తవాళ్ళున్న ఇంట్లో నేను ఆ తేడాకి విలువిస్తాను.

షాట్‌గన్ కావాలనే అనుకుంటే మోస్‌బర్గ్ 500, రెమింగ్టన్ 870 రెండూ అరవై ఏళ్ళకి పైబడి నిలిచిన పంప్ యాక్షన్లు (ముందు పిడిని వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించేవి). మోస్‌బర్గ్ సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వెనక నడిమధ్యన, బొటనవేలి కింద ఉంటుంది, ఎడమచేతి వాటం వాళ్ళకీ సుఖం. గేజ్ విషయంలో 20 గేజ్ అంటే మెత్తగా ఉంటుందని అందరూ అంటారు, పూర్తిగా నిజం కాదు. తేలికపాటి 20 గేజ్‌లో బరువు తూటా వేస్తే, బరువైన 12 గేజ్‌లో తేలిక తూటా వేసినంతగానూ తన్నుతుంది. ఏది తీసుకున్నా ఒక్క గేజే తీసుకోండి. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానో వినండి.

20 గేజ్ తూటా 12 గేజ్ కన్నా సన్నం. 12 గేజ్ తుపాకిలో పొరపాటున అది వేస్తే చాంబర్ దాటి జారిపోయి గొట్టంలో ఇరుక్కుంటుంది. వేసినవాళ్ళు చూస్తే చాంబర్ ఖాళీ. "వెయ్యడం మర్చిపోయానేమో" అనుకుని అసలైన 12 వేసి కాలుస్తారు. గొట్టం చీలిపోతుంది, సరిగ్గా ముందు చెయ్యి పట్టుకున్న చోట. ఈ ప్రమాదం వల్లే 20 గేజ్ తూటాలకి పసుపు రంగు పెట్టారు. ఒకసారి ఒక కుర్రవాడి జాకెట్ జేబులో ఎర్ర తూటాల మధ్య ఒక పసుపుది నా కంటబడింది. వాళ్ళ అన్నది ఆ జాకెట్, కిందటి వారం వాడి అలాగే వదిలేశాడు. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్ళాక కూడా ఆ పసుపు రంగే కళ్ళలో ఉంది. రైఫిళ్ళలోనూ ఇంతే: పాయింట్ 300 బ్లాకౌట్ తూటా, పాయింట్ 223 రైఫిల్లో పట్టి కూర్చోగలదు, పేలిస్తే రైఫిల్ ముక్కలవుతుంది. అందుకే మనిషికొక తుపాకి, తుపాకికొక తూటా అన్న లెక్క మీ ఇంట్లో వద్దంటున్నాను. 22 ఒకటి, 9 ఎంఎం ఒకటి. కళ్ళు మూసుకుని పట్టుకున్నా తేడా తెలిసేవి.

మీరు మీ కోసం రాసుకున్న పెద్ద రైఫిల్ గురించి ఒక్క ముక్క. వేటకో, దూరపు గురికో వెళ్ళే ఉద్దేశం రాయలేదు కాబట్టి ఇప్పుడు అక్కర్లేదు. పాత సైన్యపు రైఫిళ్ళు చవకగా కనబడినా ఆశపడకండి. ఇనప బట్‌ప్లేట్‌తో భుజం వాచిపోతుంది. వాటి పాత తూటాల్లో నిప్పు రాజేసే ప్రైమర్ మందు గొట్టంలో ఉప్పు వదిలి, నీళ్ళతో కడగకపోతే రోజుల్లోనే తుప్పు పట్టిస్తుంది.

చవక అన్నారు కాబట్టి డబ్బు ఎక్కడ తగ్గించవచ్చో చెప్తాను. చెక్క నునుపులో, మెరుగులో, పేరు మోసిన చెక్కడాల్లో తగ్గించండి. వాడినది కొనండి. మ్యాగజీన్ దగ్గర మాత్రం తగ్గించకండి, తుపాకి మొరాయించడానికి చాలాసార్లు కారణం అదే. కంపెనీ మ్యాగజీన్లే తీసుకోండి. చేతిలో ఉన్న మొత్తంలో సగానికి మించి తుపాకి మీద పెట్టకండి. మిగతా సగం తాళం పెట్టె, చెవి మఫ్‌లు, కళ్ళద్దాలు, తూటాలు, ఒక మంచి శిక్షకుడి దగ్గర అయిదుగురికీ క్లాసు. పెట్టెకి డబ్బు మిగలకపోతే తుపాకికి కూడా డబ్బు లేనట్టే లెక్క.

వాడిన తుపాకి కొనేటప్పుడు గొట్టంలోకి వెలుతురు పంపి చూడండి. లోపలి మెలిక గాళ్ళు పదునుగా కనబడాలి, గుంటలు గానీ ఉబ్బిన చోట నల్లటి వలయం గానీ ఉండకూడదు. స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే తెలియనివాళ్ళెవరో విప్పారని అర్థం. సీరియల్ నంబర్ చెక్కు చెదరకుండా ఉండాలి, లేకపోతే ముట్టుకోవద్దు. రివాల్వర్ అయితే సుత్తిని మెల్లగా వెనక్కి లాగుతూ, సిలిండర్‌ని (తూటాలుండే గుండ్రటి దిమ్మ) వేలితో కొద్దిగా ఆపి చూడండి. సుత్తి పూర్తిగా నిలిచే లోపే సిలిండర్ తాళం పడాలి. ఇది చూడకుండా నేనొకసారి మెరుపు చూసి కొన్నాను. కాల్చినప్పుడల్లా సీసం రవ్వలు పక్కకి చిమ్మేవి, ఒక రవ్వ పక్కనున్న మిత్రుడి చెంప గీసింది. అమ్మినవాళ్ళు తిరిగి తీసుకోలేదు. ఆ రివాల్వర్ మళ్ళీ కాల్చలేదు. కొత్తదైనా పాతదైనా, మీరు వాడబోయే తూటాలతోనే రెండు వందలు ఆగకుండా కాలిస్తే గానీ దాన్ని నమ్మకండి. 22లో అప్పుడప్పుడు పేలని తూటా తగులుతుంది, దాని అంచులో మందు సమంగా పరుచుకోకపోవడం వల్ల. పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగి అప్పుడు తెరవండి. 'ఢాం' అనాల్సింది 'ఫుస్' అంటే అక్కడే ఆపేయండి. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండవచ్చు.

చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మీరున్న చోట లైసెన్సు, వయసు, నిల్వ నిబంధనలు కొనక ముందే చదవండి. ఒకరి పేరున కొని ఇంకొకరికి ఇచ్చెయ్యడం చాలా చోట్ల నేరం, సొంత ఇంట్లోనైనా.

ఇంకో మాట, ఇది అన్నిటికన్నా బరువైనది. బీరువా పైన, దుప్పట్ల కింద, పాత సూట్‌కేసులో దాచడం నిల్వ కాదు. పిల్లలకి ఇంట్లో తెలియని చోటు ఉండదు. తుపాకి ఖాళీ చేసి గోడకి బిగించిన ఇనప పెట్టెలో, తూటాలు వేరే తాళంలో. తాళం నంబర్ అబ్బాయికి తెలియకూడదు, వాడు ఎంత బుద్ధిమంతుడైనా. పద్నాలుగేళ్ళ వయసులో మనసు గంటకో రకంగా ఉంటుంది. ఇంట్లో తుపాకి ఉంటే ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు మళ్ళీ మళ్ళీ తేల్చాయి. ఆ దుఃఖపు గంట గడిచిపోయేలోగా చేతికి అందడమే కారణం. ఇంట్లో ఎవరైనా దిగులుగా, మాట్లాడకుండా, నిద్రపోకుండా ఉంటున్నారనిపిస్తే ఆ రోజే, చట్టం ఒప్పుకునే పద్ధతిలో, తుపాకులు ఇల్లు దాటించండి. నాకు తెలిసిన ఒక కుటుంబం ఆ పని రేపు చేద్దామనుకుంది. అంతకన్నా రాయలేను.

అబ్బాయికి తొందరగా ఉంటే, 22 కన్నా ముందు ఎయిర్ రైఫిల్ ఇవ్వండి, దానికీ అవే నియమాలతో, అదే తాళంతో. అది చిన్నతనం కాదు. 1984 నుంచీ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఒలింపిక్స్‌లో ఉంది, 2008లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది అందులోనే. ఆ టార్గెట్‌లో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఈ సంగతి చెప్పి చూడండి, వాడికి ఆటోమేటిక్ మీద మోజు కొంత తగ్గవచ్చు.

మొదటి రోజు రేంజ్‌లో ముందు మీ చెల్లెలి చేత కాల్పించండి, మీరు కాదు. మీరు బాగా కాలిస్తే ఆవిడ మీద ఒత్తిడి, బాగా కాల్చకపోతే భయం. రైఫిల్ సంచి మీద ఆనించి, పది మీటర్లలో పెద్ద కాగితం పెట్టి, మ్యాగజీన్‌లో ఒక్క తూటా మాత్రం వెయ్యండి. కాల్చాక బోల్ట్ తెరిచి, రైఫిల్ బల్ల మీద పెట్టి, చేతులు తీశాకే మాటలు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టండి. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో మీకన్నా ఆయన బాగా చెప్పగలరు, ఆయనకీ ఆ పూట బాగుంటుంది. మనిషికి ఇరవై రౌండ్లు దాటనివ్వకండి, ఇంకా కాల్చాలని ఉండగానే ఆపేయండి. ఇంటికి రాగానే అందరూ ఏదైనా తినేముందు చేతులు, మొహం సబ్బుతో చన్నీళ్ళతో కడుక్కోవాలి, బట్టలు విడిగా ఉతకాలి. తూటాల సీసం చర్మానికీ బట్టలకీ అంటుకుని ఉంటుంది, పిల్లల ఒంటికి అది అసలు మంచిది కాదు. అబ్బాయి ఆ ఖాళీ ఇత్తడి తొడుగులు దాచుకుంటానంటే, అవి కూడా కడిగాకే ఇవ్వండి.